జేజి చదివిన జపమాల

మన కళాశాల వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాసి పంపవలసిందిగా సంపాదక వర్గం వారు కోరినప్పుడు నాకు మొదట నవ్వు వచ్చింది. ఆ వెంటనే భయం వేసింది. ఇచ్చట చదువుకున్న మూడు సంవత్సరాలలో నేను గ్రంథాలయం గడప తొక్కిన దినాలను వ్రేళ్ళమీద లెక్కింపవచ్చు. అటువంటివాడు పూర్వ విద్యార్థి హోదాలో కలం పట్టి పదిమందికి చెప్పబూనడం, ఈత రానివాడు కె.సి. కాలువలో దిగి దారి చూపుతాననడం వంటిది. అయినప్పటికీ, పుస్తకమంటే జంకేవాని బాధ పుస్తకప్రియులకు తెలియదు కదా! తెలిసినవాడొకడు చెప్పడం ఉచితమే అనిపించి ఈ సాహసం చేస్తున్నాను.

నేను చెప్పబోయేది విశ్వాసాన్ని గురించి. నేను కతోలిక క్రైస్తవుణ్ణి. మాకు పవిత్ర గ్రంథం ప్రాణప్రదం; నాకేమో గ్రంథమంటేనే గుండెదడ. ఈ రెంటి నడుమ నలిగి ఒకప్పుడు నేను గుడికి వెళ్ళడమే మానుకున్నాను. నన్ను మరల ఆ దారికి తెచ్చినవారు ఇద్దరు. ఒకరు అక్షరజ్ఞానం లేని మా జేజి. మరొకరు ఈ కళాశాలలోనే ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న నా మహమ్మదీయ మిత్రుడు. ఆ ఇరువురి ఋణంలో కొంతైనా తీర్చుకొనడానికే ఈ నాలుగు మాటలు.

మా ఊరు ఆళ్ళగడ్డకు చేరువలో నల్లరేగడి చేల నడుమ ఉన్న చిన్న గ్రామం. ఆ రోజులలో అది కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడిన నాటి నుండి మేము నంద్యాల జిల్లా వాసులమైనాము. మా తల్లిదండ్రులు కూలి పనులు చేసుకొని బ్రదికేవారు. వారు తెల్లవారకముందే చేనికి పోతే, నన్ను సాకినది మా నాయన తల్లి. మా సీమలో నాయన తల్లిని జేజి అంటారు. చంటిబిడ్డలకు దేవుణ్ణి చూపించి 'జేజికి మొక్కు' అని కూడా అంటారు. నా బాల్యంలో ఈ రెండు మాటలకు తేడా నాకు తెలియలేదంటే అతిశయోక్తి కాదు.

బడిలో నేను మందబుద్ధిని కాను. లెక్కలు నోటితో చెప్పేవాణ్ణి. ఒకసారి విన్న కథను పొల్లు పోకుండా అప్పజెప్పేవాణ్ణి. కాని పుస్తకం తెరిస్తే చాలు, అక్షరాలు చీమలబారులా కదలడం మొదలుపెట్టేవి. ఒత్తులు, గుణింతాలు ఒకదానిమీద ఒకటి ఎక్కేవి. వాక్యం చివరకు చేరేసరికి దాని మొదలు మరచిపోయేవాణ్ణి. 'వీడు సోమరి' అన్నారు పెద్దలు. పదిమంది పదిసార్లు అన్న మాటను నేనూ నమ్మాను. చదవలేను అని ఒప్పుకొనడం కంటె చదవడం నాకిష్టం లేదు అనడం గౌరవంగా తోచింది. అలా నా అశక్తతకు అయిష్టమని పేరు పెట్టుకొని డిగ్రీ వరకు నెట్టుకొచ్చాను.

1986లో పై చదువులకు నంద్యాల చేరాను. ఆదివారాలలో పట్టణానికి వెలుపల ఉన్న ఒక చిన్న గుడికి పూజకు వెళ్ళేవాణ్ణి. దివ్యబలి పూజలో గురువు సువిశేషాన్ని చదవడానికి ముందు, విశ్వాసులలో ఒకరిద్దరు లేచి తక్కిన పఠనాలను చదవడం మా సంప్రదాయం. ఒక ఆదివారం చదవవలసిన వ్యక్తి రాలేదు. ముందు వరుసలో కూర్చున్న నన్ను, కళాశాల విద్యార్థిని కదా అని, పిలిచారు. కాదనలేక వెళ్ళాను. అది పునీత పౌలు వ్రాసిన లేఖలోని భాగం. ఆయన వాక్యాలు ఎంత దీర్ఘమైనవో చదివినవారికి తెలుసు. రెండవ పంక్తిలో తడబడ్డాను. మూడవ పంక్తిలో ఆగిపోయాను. వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు. చివరకు మరొకరు వచ్చి నా చేతిలోని పుస్తకం మెల్లగా తీసుకొని మిగిలిన భాగం పూర్తి చేశారు. పూజ ముగిసిన పిదప, 'డిగ్రీ చదివే పిల్లవానికి తెలుగు కూడా రాదా?' అన్న మాట నా వెనుకనే వినవచ్చింది.

ఆ మాటను అన్నవారు ఆ సాయంత్రానికే మరచిపోయి ఉంటారు. నాకు మాత్రం గుడి మెట్లు ఎక్కాలంటే కాళ్ళు వణికేవి. ఆ తరువాత కొద్ది దినాలకు, నా గదిలోని ఒక పెద్ద విద్యార్థి నా క్షేమం కోరియే, ఒక లావుపాటి మతగ్రంథం ఇచ్చి, 'ఇది చదవనిదే నీ విశ్వాసం నిలవదు' అన్నాడు. పదునాలుగు పుటలు చదవడానికి నాకు ఒక నెల పట్టింది. అందులో నాకు మిగిలినది తలనొప్పి ఒక్కటే. దానిని ట్రంకుపెట్టె అడుగున దాచాను. విశ్వాసమనేది చదువరులకు మాత్రమే లభించే వస్తువైతే, అది నాకు దక్కేది కాదని తీర్మానించుకున్నాను. ఏడాదికి పైగా గుడి వైపు తిరిగి చూడలేదు. ఇంటికి వెళ్ళినప్పుడు జేజి అడిగితే, 'పోతానే ఉండాను' అని బొంకేవాణ్ణి. నా జీవితంలో నేను సిగ్గుపడే అబద్ధాలలో ఇది మొదటిది.

1987 వేసవిలో రంజాన్ మాసం వచ్చింది. ఉర్దూ మాధ్యమంలో చదివే నా మిత్రుడు ఒక సాయంత్రం ఇఫ్తారుకు తన ఇంటికి పిలిచాడు. అతని తమ్మునికి పదునాలుగేండ్లు ఉంటాయేమో, అప్పటికే హాఫిజ్ అయినాడు. అనగా, 114 సూరాల దివ్య ఖురాన్ అంతా అతనికి కంఠస్థం. రాత్రులలో తరావీహ్ నమాజులో పుస్తకం చూడకుండా పఠించేవాళ్ళు వీరే అని మిత్రుడు చెప్పాడు. నేను ఆశ్చర్యపడి, 'ఇంత గ్రంథం ఎలా చదివినావు తమ్ముడూ?' అని అడిగాను. 'చదవడం తరువాత సంగతి అన్నా. మొదట ఉస్తాద్ చెప్పేది వింటాము. విన్నది తిరిగి వినిపిస్తాము. తప్పు పోతే మళ్ళీ వింటాము,' అన్నాడు ఆ బాలుడు.

తిరిగి వచ్చేటప్పుడు నా గోడు మిత్రునితో చెప్పుకున్నాను. అతడు కొంతసేపు మౌనంగా నడిచి, 'చదవడమంటే కంటితో మాత్రమే అనుకున్నావా, భాయ్? మా ప్రవక్తగారు అక్షరాలు నేర్చినవారు కారని మేము విశ్వసిస్తాము. అయినా ఆయనకు మొట్టమొదట వినవచ్చిన మాట ఇఖ్రా. చదువు, పఠించు అని దానికి అర్థం,' అన్నాడు. పిమ్మట నవ్వి, 'మేము ఉర్దూలో నమాజ్ పఢ్నా అంటాము. మీ తెలుగులోనూ నమాజు చదివినావా అనే అడుగుతారు కదా! చేతిలో పుస్తకం ఉంటుందా?' అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజమే కదా! మన తెలుగులో చదవడమనే మాటకు ఎంత విశాలమైన అర్థం ఉన్నది! పురోహితుడు మంత్రం చదువుతాడు. ముల్లాగారు ఫాతెహా చదువుతారు. పెండ్లి పందిట్లో ఎవరెవరు ఏమేమి ఇచ్చారో గొంతెత్తి చెప్పడాన్ని చదివింపులంటాము. ఈ చదువులన్నీ నోటివి, చెవివి. కంటితో చప్పుడు చేయకుండా చదివే చదువు వీటిలో ఒకటి మాత్రమే. ఈ ఆలోచన రాగానే నాకు జేజి మాట జ్ఞప్తికి వచ్చింది. ప్రతి రాత్రి దీపం తగ్గించే ముందు ఆమె, 'ఈ పొద్దు జపమాల సదివినాను, ఇంక పండుకుంటా' అనేది. వ్రేలిముద్ర వేసే జేజి 'సదివినాను' అనడంలోని వింత ఇన్నేండ్లుగా నాకు తట్టనే లేదు!

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, తొలిసారిగా ఆమె ప్రక్కన కూర్చొని, 'జేజీ, నీవు జపమాల ఎట్లా చదువుతావు?' అని అడిగాను. మా మతస్థులు కాని పాఠకులకు ఒక మాట చెప్పాలి. జపమాల అంటే పూసల దండ. ఒక్కొక్క పూసకు ఒక మంగళవార్త జపం చొప్పున, పదేసి పూసలు గల అయిదు భాగాలు పూర్తి చేస్తే యాభై అవుతాయి. ఒక్కొక్క భాగానికి క్రీస్తు జీవితంలోనో, ఆయన తల్లి జీవితంలోనో ఒక ఘట్టాన్ని ధ్యానిస్తారు. పూర్వం ఇవి పదిహేను ఘట్టాలు. 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు మరి అయిదింటిని చేర్చారు. మధ్యయుగంలో యూరపు మఠవాసులు 150 కీర్తనలను పఠించేవారు. చదువురాని సామాన్యులు అందుకు మారుగా 150 మార్లు జపం చెప్పుకునేవారు. ఆ అలవాటే క్రమంగా నేటి జపమాల అయినది. అంటే, గ్రంథం చేతపట్టలేనివారి చేతిలో ఉంచబడిన గ్రంథమే జపమాల.

జేజికి ఈ చరిత్ర ఏదీ తెలియదు. ఆమె చెప్పిన సమాధానం మాత్రం నేటికీ నా చెవులలో మ్రోగుతున్నది. 'నోరు ఒక పని సేస్తాంటాది నాయనా, కండ్లు మూసుకుంటే లోపల ఇంకోటి కనపడతాంటాది. సమ్మనసు వచ్చి నిలబడింది సూస్తాను. ఆ పిల్ల జంకింది సూస్తాను. నిండు సూలాలు బెత్లేముకు పోతాంటే దోవ పొడుగునా దుమ్ము సూస్తాను. నేను మీ నాయనను కడుపులో మోసుకొని కోతకు పోలేదా? ఆ నొప్పి నాకు తెలీదా?'

ఆ తరువాత చాలా కాలానికి, ఒక గురువుగారి ప్రసంగంలో విన్నాను. పదహారవ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా అనే పునీతుడు ఇటువంటి ధ్యాన పద్ధతినే బోధించాడట. సువిశేషంలోని ఘట్టాన్ని కళ్ళకు కట్టించుకొని, అక్కడి మాటలు చెవులారా విని, అక్కడి వాసనను కూడా ఊహించి, తానూ ఆ చోట నిలబడి ప్రార్థించాలట. 1548లో ఆయన పుస్తకం అచ్చయినదట. మా జేజి ఆ పుస్తకాన్ని చూడలేదు, ఆయన పేరు వినలేదు. పత్తి తీసే చేలలోనే ఆమె ఆ విద్య నేర్చింది.

ఆలోచించిన కొద్దీ, చదవలేనివారిని మా శ్రీసభ ఏ కాలంలోనూ మరువలేదని గ్రహించాను. క్రీ.శ. 600 ప్రాంతంలో మార్సేయి మేత్రాణులు గుడిలోని బొమ్మలను పగులగొట్టించారని తెలిసి, గ్రెగరీ పోపుగారు ఆయనను మందలిస్తూ లేఖ వ్రాశారు. అక్షరాలు రానివారు గోడల మీది చిత్రాలను చూచి నేర్చుకుంటారనేదే ఆ లేఖ సారాంశం. 1223లో అస్సీసిపుర ఫ్రాన్సిస్, గ్రేచ్చో గ్రామంలో పశువుల తొట్టిని, గడ్డిని, ఎద్దును, గాడిదను తెచ్చి క్రీస్తు జనన దృశ్యాన్ని పల్లె ప్రజల ముందుంచాడు. ఇప్పటికీ మా ఊళ్ళో క్రిస్మసుకు పిల్లలు జొన్నచొప్పతో పాక కట్టడం ఆ పరంపరలోనిదే. తపస్సు కాలంలో గుడి గోడల వెంట పదునాలుగు స్థలాలలో ఆగి, నడిచి, మోకరించి చేసే సిలువమార్గం కాళ్ళతో చదివే గ్రంథం కాక మరేమిటి?

మా జేజి చిన్ననాట పూజ లాటిను భాషలో జరిగేది. 'ఏం సెప్తాండారో తెలీకపోయినా గంట కొడితే మోకరిస్తాంటిమి' అనేది. 1963లో రెండవ వాటికన్ మహాసభ దైవార్చన విషయమై చేసిన నిర్ణయంతో పూజ ప్రజల భాషలోకి వచ్చింది. 1969లో పఠనాలను మూడేండ్ల క్రమంలో అమర్చారు. ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. యోహాను సువిశేషం ముఖ్యంగా పాస్క కాలంలో వినబడుతుంది. మూడేండ్లు ఆదివారం తప్పకుండా చెవి ఒగ్గి విన్నవాడు, పుస్తకం ముట్టకపోయినా నాలుగు సువిశేషాల ముఖ్య ఘట్టాలను విన్నట్లే. జేజి ఆ వలయాన్ని ఎన్నిమార్లు చుట్టి వచ్చిందో! ఆమె సువిశేషాన్ని ఎరుగదని ఎవరనగలరు?

సినిమా సంగతి కూడ చెప్పాలి. 1978లో విడుదలైన కరుణామయుడు చిత్రం మా ఊరికి కొన్నేండ్లకు వచ్చింది. గుడి ముందు రెండు గుంజలకు తెల్లని పంచె కట్టి, చిన్న యంత్రంతో ప్రదర్శించారు. విజయచందర్ గారు క్రీస్తుగా నటించిన ఆ చిత్రానికి మోదుకూరి జాన్సన్ గారు మాటలు వ్రాశారు. క్రిస్టఫర్ కొయెలో అనే ఫ్రాన్సిస్కన్ గురువు దాని రూపకల్పనలో పాలుపంచుకున్నారు. ఆ రాత్రి హిందువులు, మహమ్మదీయులు, మేము ఒకే చాపల మీద కూర్చొని చూశాము. సిలువ మోసే ఘట్టంలో ఊరంతా ఏడ్చింది. ఇంటికి వచ్చే దారిలో జేజి ఒక్క మాటే అన్నది: 'అందరూ ఆయన్ను సూసినారు. ఆ తల్లి మొగం ఎవరన్నా సూసినారా?' నేను చూడలేదు. చిత్రాన్ని చూడడంలోనూ ఆమె నాకంటె బాగా చదువుకున్నది. ఆ పిమ్మట మా ఇంటికొక పాత రేడియో వచ్చింది. దూరాన మనీలా నుండి రేడియో వెరితాస్ ఆసియా వారి తెలుగు ప్రసారాలు గరగర శబ్దం మధ్య వినబడేవి. 2018లో ఆ షార్టువేవు ప్రసారాలు నిలిచిపోయాయని విన్నప్పుడు, ఇంటి మనిషి పోయినంత దిగులు కలిగింది.

ఆళ్ళగడ్డ పేరు చెప్పగానే శిల్పులు గుర్తుకు వస్తారు. అహోబిల క్షేత్రానికి చేరువలోని ఈ పట్టణపు శిల్పకళకు నేడు భౌగోళిక గుర్తింపు కూడ ఉన్నది. బస్సు కోసం నిలబడి నేను వారి పనిని గంటల తరబడి చూసేవాణ్ణి. రాతిని ఎన్నుకొనేటప్పుడు సుత్తితో తట్టి శబ్దం వింటారు. బోలుగా పలికితే లోపల పగులు ఉన్నదని వదిలివేస్తారు. ఒక శిష్యుడు మొదటి రోజే విగ్రహం ముఖం చెక్కడు. ఏండ్ల తరబడి అంచులు నునుపు చేస్తాడు. పుస్తకంలో లేని విద్య చేతిలో నుండి చేతిలోకి పోతుంది. విశ్వాసం కూడ అటువంటిదే అనిపించింది. లూర్దు గ్రామంలో 1858లో మరియతల్లి దర్శనాలు పొందిన బెర్నదెత్తుకు అప్పటికి పదునాలుగేండ్లు, చదవడం రాదు. పారిసు నగరంలోని ఒక కార్మెల్ మఠంలో వంటపని చేసిన సోదరుడు లారెన్సు, పెనం మీది గ్రుడ్డు తిరగవేస్తూనే దేవుని సన్నిధిలో ఉండవచ్చునని గ్రహించాడు. జేజి ప్రతి శుక్రవారం, ఊళ్ళో మంచాన పడినవారిలో ఎవరో ఒకరికి గంజి కాచి తీసుకుపోయేది. కులం అడిగేది కాదు, మతం అడిగేది కాదు. ఆ గంజిచెంబు ఆమె వ్యాఖ్యాన గ్రంథం.

ఇంతవరకు చదివినవారు, 'అయితే చదువు అనవసరమని ఇతని సిద్ధాంతం' అని తలపోయవచ్చు. నేనూ కొంతకాలం అట్లే తలచి, మరల గుడికి పోవడం ప్రారంభించి, పుస్తకాల పీడ వదిలిందని సంతోషించాను. ఆ సంతోషాన్ని తుంచినది మా జేజియే.

1989లో ఆమె మంచం పట్టింది. చూపు మందగించింది. గుడికి నడిచే శక్తి పోయింది. ఒక సాయంత్రం నన్ను పిలిచి, గూట్లో ఉన్న సువిశేష పుస్తకం తీసి చదివి వినిపించమన్నది. నా గుండె ఝల్లుమన్నది. 'నాకు సరిగ్గా చదవడం రాదు జేజీ. నాకు పుస్తకమంటే ఇష్టం లేదు,' అన్నాను. ఆమె నా వైపు తిరిగింది. కళ్ళు నన్ను చూడలేదు గాని ముఖం చూసింది.

'నాకు రాక సదవలేదు నాయనా. మా కాలాన ఆడబిడ్డను, కూలోళ్ళ బిడ్డను బడికి ఎవరు పంపినారు? నువ్వు సదవాలని మీ నాయన పస్తున్నాడు, నేనూ పస్తున్నాను. వచ్చినంత మటుకన్నా సదవకుండా, ఇష్టం లేదంటే సరిపోతాదా?'

నాకు జవాబు దొరకలేదు. ఆమెకు అందనిదీ, నేను వద్దన్నదీ ఒకే వస్తువు. ఆమె చదవలేకపోవడంలో ఆమె తప్పు లేదు. అందులో లోకం చేసిన అన్యాయం ఉన్నది. నా అయిష్టాన్ని ఆమె భక్తి చాటున దాచుకొనడం ఎంత పొరపాటో అప్పుడు తెలిసింది.

పుస్తకం తీశాను. ఎమ్మావు గ్రామానికి పోయే దారిలో ఇద్దరు శిష్యులకు ఉత్థాన క్రీస్తు కనిపించిన ఘట్టం చదవమన్నది. వ్రేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. తొందరపడి ఒక పంక్తి దాటవేశాను. 'నిదానంగా సదువు. దేవునికేమన్నా బస్సు తప్పిపోతాదా?' అన్నది. ప్రొద్దు వాలింది, మా వద్ద ఉండుమని వారాయనను బ్రతిమాలిన చోట నాలుక తడబడింది. ఆమె నాకంటె ముందే ఆ మాట అందించింది. నేను ఆగినప్పుడెల్లా ఆమె అందుకున్నది. ఆమె మరచినప్పుడెల్లా నేను అందించాను. అక్షరం నాది, అర్థం ఆమెది. అరపుట చదవడానికి అరగంట పట్టింది. ఎవరూ నవ్వలేదు. నా జీవితంలో నేను సంపూర్ణంగా చదివిన మొదటి పాఠం అదే. ఆ తరువాత ఆమె బ్రదికిన అయిదు మాసాలూ ప్రతి సాయంత్రం ఇదే మా కార్యక్రమం.

ఆమె కన్నుమూసిన రాత్రి ఊరివారంతా మా వాకిట చేరారు. ఉపదేశిగారు జపాల పుస్తకం తెరిచి రెండు పుటలు చదివారో లేదో, కరెంటు పోయింది. లాంతరు కోసం ఎవరో పరుగెత్తారు. ఆ చీకటిలో నా నోట అప్రయత్నంగా జపమాల మొదలైనది. వాకిలంతా అందుకున్నది. డిగ్రీ చదివినవారు, వ్రేలిముద్రలవారు అందరూ ఆ చీకటిలో ఒకే గొంతుకతో చదివారు. లాంతరు వచ్చింది గాని, పుస్తకం మరల తెరవవలసిన అవసరం కలుగలేదు.

ప్రియ విద్యార్థులారా! నేడు నేను నంద్యాలలో ఒక విత్తనాల దుకాణంలో లెక్కలు చూస్తున్నాను. చదవడం నాకు ఇప్పటికీ కష్టమే. అయినా నాకు ఉపకరించిన నాలుగు పద్ధతులు చెబుతాను. మీ మీ మతాలకు అన్వయించుకొనవచ్చు. ఆదివారం వినబోయే సువిశేష ఘట్టాన్ని శనివారం సాయంత్రం ఎవరిచేతనైనా చదివించుకొని ఒకసారి వింటాను. ఈ కాలంలో చేతిఫోనే చదివి వినిపిస్తుంది. విన్నదానిలో ఒక దృశ్యాన్ని మాత్రం తీసుకొని వారమంతా కళ్ళ ముందుంచుకుంటాను. దానికి తగిన పని ఒకటైనా చేస్తాను. ఒక రోగిని చూడడమో, మాటలు లేని మనిషితో మాట కలపడమో. చివరిది, రోజుకు పది పంక్తులు గొంతెత్తి, వ్రేలు పెట్టి, నిదానంగా చదువుతాను. పది పంక్తులు ఏపాటివి అనకండి. పూస వెంట పూస అయితేనే జపమాల.

కళాశాల పాలక వర్గం వారికి ఒక విన్నపం. మా కాలంలో సోమరితనమని తోసివేసిన దానిలో కొంత, చదవడంలో పుట్టుకతో వచ్చే చిక్కు అని నేడు అందరూ ఎరుగుదురు. దానిని డిస్లెక్సియా అంటున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరవైయొక్క వైకల్యాలలో ఇటువంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నవి. నాలో ఉన్నది అదేనేమో నేనెరుగను; నన్ను పరీక్షించినవారు లేరు. మన తరగతులలో వెనుక బెంచీలో కూర్చొని, 'నాకు చదవడం ఇష్టం లేదు సార్' అనే పిల్లవానిని దయచేసి మరొక ప్రశ్న అడగండి. వారానికొకసారి గ్రంథాలయంలో ఉర్దూ, తెలుగు పుస్తకాలను బిగ్గరగా చదివి వినిపించే ఒక గంట ఏర్పాటు చేయండి. వినడానికి వచ్చినవారిలో కొందరు తరువాత చదవడానికి వస్తారు.

చదువు మనిషిని ఎంత దూరం తీసుకుపోగలదో మన ప్రాంతమే చెబుతుంది. గడివేముల మండలంలోని చిందుకూరు గ్రామంలో 1961లో పుట్టిన పూల ఆంథోనీ గారు, పేదరికాన్ని దాటి చదువుకొని గురువైనారు. 2008లో కర్నూలు మేత్రాణులై, పిదప హైదరాబాదు అగ్రపీఠాన్ని అధిష్ఠించి, 2022 ఆగస్టు 27న కార్డినల్ పదవి పొందారు. తెలుగువారిలో ఆ పదవి పొందిన మొదటివారు ఆయనే. ఆ వార్త రేడియోలో విన్న రోజున, చిందుకూరులో ఆయన బాల్యంలోనూ మా జేజి వంటి ముసలమ్మలు ఎందరు జపమాల చదివి ఉంటారో కదా అనుకున్నాను.

ఆమె జపమాల ఇప్పుడు నా వద్దనే ఉన్నది. పూసలు అరిగి నునుపెక్కాయి; రెండుచోట్ల దారం మార్పించాను. ప్రతి రాత్రి ఎడమచేత దానిని పట్టుకొని, కుడిచేతి వ్రేలిని పంక్తి మీద ఆనించి, నా పది పంక్తులు చదువుతాను. ఎక్కడైనా తడబడితే కొంచెంసేపు ఆగుతాను. అలవాటు చొప్పున, అందించే గొంతు కోసం ఎదురుచూస్తాను. పిదప నేనే కూడబలుక్కొని ముందుకు సాగుతాను.